బంతి ఇవ్వను

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికి ఏది ఇష్టమో ఎవరూ అడిగేవారు కాదు. మనిషి వాలకం చూసి వాళ్ళే తేల్చేసేవారు. నేను తక్కువ మాట్లాడేదాన్ని. ఎవరైనా ఇంటికొస్తే తలుపు వెనక్కి వెళ్ళిపోయేదాన్ని. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పుస్తకం ఉండేది. కాబట్టి నాకు సంగీతం ఇష్టమని, ఏడుపు సినిమాలు ఇష్టమని, తీపి ఇష్టమని ఇంటిల్లిపాదీ తీర్మానించేశారు. ఇందులో ఒక్కటీ నిజం కాదు. నాకు ఫుట్‌బాల్ ఇష్టం. కత్తియుద్ధాలూ, గుర్రాల మీద తరుముకోవడాలూ ఉన్న సినిమాలు ఇష్టం. బస్టాండు దగ్గర బండి మీద వేసే మిరపకాయ బజ్జీ, కొరికితే కళ్ళమ్మట నీళ్ళు తెప్పించేది, అదంటే ప్రాణం. (ఏడవడమే కావలిస్తే అందుకు సినిమా హాలుదాకా ఎందుకని నా ఉద్దేశం.) ఇప్పుడు ఇంత ధైర్యంగా రాస్తున్నాను గానీ, ఇంటర్ చదివే రోజుల్లో ఈ సంగతి సొంత డైరీలో రాసుకోవడానికి కూడా అటూ ఇటూ చూసుకునేదాన్ని.

మా అత్తయ్య, అంటే నాన్నగారి అక్క, మా వీధి చివరే ఉండేది. కొత్త సినిమా వచ్చిందంటే ఇంట్లో ఆడవాళ్ళందరినీ మాట్నీకి బయల్దేరదీసేది. ఏడవడానికి వీలైన సినిమా అయితేనే సుమా. చేతిసంచిలో చిరుతిళ్ళతోపాటు పాత తువ్వాళ్ళు కూడా పెట్టుకునేది. తెరమీద కథానాయికకి కష్టం రాగానే మా వరసంతా ఒక్కసారిగా ముక్కు చీదేది. నా వైపునుంచి చప్పుడు రాకపోతే అత్తయ్య చీకట్లో చెయ్యి చాపి, తడి ఉందో లేదోనని నా చెంపలు తడిమి చూసేది. "ఏటే, నీది గుండేనా, రుబ్బురోలా?" అనేది. పక్క హాల్లో ఆడుతున్న కత్తియుద్ధాల సినిమా పోస్టరు గుర్తొచ్చి అప్పుడు నాకు నిజంగానే ఏడుపొచ్చేది. అత్తయ్య తృప్తిగా తువ్వాలు అందించేది.

మా అన్నయ్య ఇష్టం మాత్రం ఇష్టంగానే చలామణీ అయ్యేది. వాడిది క్రికెట్. ట్రాన్సిస్టర్ చెవికి అంటించుకుని ఇంగ్లీషు కామెంటరీ వినేవాడు. అందులో జనం అరిచినప్పుడల్లా తనూ అరిచేవాడు. "ఏమయింది అన్నయ్యా?" అంటే, "నీకు చెప్పినా తెలీదు," అనేవాడు. (చెప్పడానికి తనకి తెలిస్తే కదా.) ఆట ఉన్న రోజున వాడి భోజనం ట్రాన్సిస్టర్ దగ్గరికే నడిచి వెళ్ళేది. మోసేదాన్ని నేను.

మా ఇంటి పెరటిగోడకి అవతలే ఆటస్థలం ఉండేది. ఊరందరికీ అది గ్రౌండు. వేసవిలో అక్కడ ఫుట్‌బాల్ పోటీలు పెట్టేవారు. నాతవరం, రావికమతం, పాయకరావుపేట, అనకాపల్లి జట్లు బస్సుల్లో, లారీల్లో వచ్చేవి. ఆ గ్రౌండుకి ఆడవాళ్ళెవరూ వెళ్ళేవారు కాదు. వెళ్ళకూడదని ఎవరూ అనలేదు. అనవలసిన అవసరమే రాలేదు. మరి నేను ఆట ఎలా చూశానంటే, ఆ పుణ్యం మా మామ్మ వడియాలది.

మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, వేసవి రాగానే తెల్లవారుతూనే తడిచీరతో మడి కట్టుకుని వడియాలు పెట్టేది. డాబా మీద పాత పంచె పరిచి, దానిమీద వరసలు వరసలుగా పెట్టి కిందికి దిగేది. పొద్దు వాలేదాకా వాటిని కాకులు తన్నుకుపోకుండా ఎవరో ఒకరు కాపలా ఉండాలి. అవి మడి వడియాలు గనక కాపలా మనిషి వాటిని ముట్టుకోకూడదు, కాకుల్ని మాత్రం అదిలించవచ్చు. ఎండలో ఆ పనికి ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. నేను వచ్చాను. గొడుగు, కొసన నల్లగుడ్డ కట్టిన కర్ర, ఒళ్ళో ఒక నవల. చూసినవాళ్ళు నవల చదువుతున్నాననుకునేవారు. మా పిట్టగోడకి సరిగ్గా ఎదురుగా, కాస్త కిందుగా, గోల్ ఉండేది. ఊళ్ళో ఏ పెద్దమనిషికీ దొరకని సీటు అది.

ఆటలో నాకు పెద్ద పాండిత్యమేమీ లేదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. ఈల ఎప్పుడెప్పుడు పడుతోందో చూసి చూసి నేనే అల్లుకున్నాను. నాకు కావలసింది ఆ పరుగు. బంతి ఒక మూలనుంచి ఇంకో మూలకి పోతుంటే మనుషులంతా గాలికి వరిచేను వాలినట్టు అటు వాలడం, మళ్ళీ ఇటు వాలడం. పొద్దున్నించీ రాత్రిదాకా మెల్లిగా నడు, మెల్లిగా మాట్లాడు, మెల్లిగా తలుపు వెయ్యి అనిపించుకునే పిల్లకి అది చూస్తుంటే ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? చిక్కల్లా ఏమిటంటే, ఎండ బాగా కాస్తే వడియాలు బేగి ఎండిపోయేవి. ఎండిపోతే నా ఉద్యోగం పోయేది. అందుకని, "మామ్మా, గుమ్మడి వడియాలయిపోయాయి కదా, మినప వడియాలు పెడదామా? పోనీ పిండి వడియాలు?" అని నేనే వెంటపడేదాన్ని. మామ్మ మురిసిపోయేది. "పుస్తకాలు చదివే పిల్ల పనికి రాదంటారు గానీ చూడండి, ఎంత శ్రద్ధో!" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. ఆ వేసవిలో మా ఇంట్లో డబ్బాలు చాలక బిందెల్లోకి కూడా వడియాలు ఎక్కాయి. బంధువులు మా ఇంటికి రావడానికి జంకేవారు, మూట కట్టి ఇస్తామని.

ఇక అసలు కథ. మా గ్రౌండులో గోల్ అంటే రెండు సరుగుడు గుంజలు. పైన అడ్డకర్ర ఉండదు, కొబ్బరితాడు కట్టేవారు. వెనక వల ఉండదు. బంతి తాడు కిందనుంచి వెళితే గోలు, పైనుంచి వెళితే కాదు. మన ఊరి జట్టు గోలీని అందరూ తాటిచెట్టు అనేవారు, అంత పొడుగు. అతగాడు కాపలా ఉంటే గోలు పడదని ఊళ్ళో పేరు. ఎందుకు పడదో డాబా మీదనుంచి చూసిన నాకు తెలుసు. బంతి ఎత్తుగా వస్తోందనగానే తాటిచెట్టు దాన్ని పట్టుకోబోయినట్టు ఎగిరేవాడు. ఎగిరినప్పుడు ఒక చెయ్యి బంతికేసి, ఇంకో చెయ్యి తాడు మీదికి. తాడు పట్టుకుని జానెడు కిందికి లాగి వదిలేవాడు. బంతి తాడు మీదనుంచి పోయేది. ముందునుంచి చూసేవాళ్ళకి అతని గెంతు కనిపించేదే తప్ప చెయ్యి కనిపించేది కాదు. తాడు ఊగుతుంటే బంతి గాలికి ఊగిందనుకునేవారు.

ఆ రోజు పాయకరావుపేట జట్టుతో ఆట. గెలిచినవాళ్ళు ఫైనల్‌కి వెళతారు. చెరొక గోలు వేసి సమానంగా ఉన్నారు. పొద్దు వాలుతోంది. గ్రౌండు చుట్టూ జనం, గోడల మీద జనం. పాయకరావుపేట జట్టులో ఒక పొట్టివాడు మనవాళ్ళని దాటుకుంటూ వచ్చి, పరుగాపకుండా ఒక్క తన్ను తన్నాడు. బంతి లేస్తూ వచ్చింది. తాటిచెట్టు ఎగిరాడు. చెయ్యి తాడు మీద పడింది. బంతి ఆ తాడుని రాసుకుంటూ, మా పెరటిగోడ దాటి, పిట్టగోడ దాటి, పొద్దున్న మామ్మ పెట్టిన మినప వడియాల మధ్య పడింది. ఇంకా లోపల పచ్చి ఆరని వడియాలు. వాటి మీదుగా దొర్లి, ఒంటినిండా తెల్లటి పిండి అంటించుకుని, నా కాళ్ళ దగ్గరికొచ్చి ఆగింది.

కింద గోల గోలగా ఉంది. "గోలు!" అని పాయకరావుపేటవాళ్ళు. "తాడుమీంచి పోనాది! గోలు నేదు!" అని మనవాళ్ళు. రెఫరీ మా ఊరి డ్రిల్లు మాస్టారు. మంచివారే గానీ, ఆయన బొజ్జ కారణంగా బంతి గోల్ దగ్గరికి చేరిన కాసేపటికి ఆయన చేరేవారు. ఆయన రొప్పుతూ వచ్చి, ఎటు జనం ఎక్కువ ఉన్నారో చూసి, "గోలు కాదు," అనేశారు. పొట్టివాడు నేలమీద కూలబడి తల పట్టుకున్నాడు. తాటిచెట్టు నడుం మీద చేతులు పెట్టుకుని డాబాకేసి చూశాడు. "పాపా, బంతి ఇసిరీమ్మా, బేగి!" అన్నాడు.

బంతి తీసి విసిరేసి మళ్ళీ నవల పట్టుకుంటే సరిపోయేది. మర్నాడూ ఆ మర్నాడూ నా డాబా నాకుండేది. బంతిని చేతుల్లోకి తీసుకుని పిట్టగోడ దగ్గరికి వెళ్ళాను కూడా. అప్పుడు జనంలోంచి మా అన్నయ్య గొంతు వినబడింది. వాడు ట్రాన్సిస్టర్ చెవికి పెట్టుకుని మరీ ఫుట్‌బాల్ చూడ్డానికొచ్చాడు.

"మా చెల్లెలేరా! దానికి బంతికీ గుమ్మడికాయకీ తేడా తెలీదు. వడియాల కాపలాది. ఒసేయ్, విసిరేసి కిందికి పో!"

చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. బంతిని పొట్టకి గట్టిగా హత్తుకున్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఇవ్వను."

నవ్వు ఆగింది. డ్రిల్లు మాస్టారు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు. "ఏటమ్మా?" అన్నారు.

"గోలయిందండీ. గోలీ తాడు లాగాడు. నేను చూశాను. గోలని ఒప్పుకుంటేనే బంతి ఇస్తాను."

"నాను లాగడవేటి!" అని తాటిచెట్టు ఆకాశంకేసి చేతులు చాపాడు. "ఎగిరినప్పుడు సెయ్యి తగిలుంటాది. బంతి నాకేసి వత్తంటే తాడెందుకు లాగుతాను మాస్టారూ?"

"నాతవరంవాళ్ళతో ఆడినప్పుడూ లాగాడండీ," అన్నాను. ఏళ్ళ తరబడి మూసుకున్న నోరు తెరుచుకుంటే ఇక దానికి గుమ్మం ఉండదు కాబోలు. "ఇందాక మనవాళ్ళు వేసిన గోలు కూడా ఆఫ్‌సైడండీ. మీరు దూరంగా ఉన్నారు."

"అది ఇప్పుడు అడగలేదమ్మా," అన్నారు మాస్టారు కంగారుగా.

జనం గోలపెట్టారు. "ఆడపిల్ల మాటిని గోలిచ్చెత్తారేటండి?" "మనూరి పిల్లేనా అది?" మాస్టారు గుంజ దగ్గరికి వెళ్ళి తాడు ముడి చూశారు. తాటిచెట్టు చెయ్యి వేసేవైపు ముడి జారి జారి గుంజ బెరడు నున్నగా అరిగిపోయి ఉంది. ఆయన అక్కడ వేలు పెట్టి రుద్ది, తాటిచెట్టు మొహంలోకి చూశారు. తాటిచెట్టు కాళ్ళకేసి చూసుకున్నాడు. మాస్టారు జనం వైపు తిరిగి, "మన దగ్గరున్నది ఒక్క బంతి. అది ఆ అమ్మాయి దగ్గరుంది," అని గోలుకి ఈల ఊదేశారు. ముడి చూసి ఇచ్చారో, బంతి కోసం ఇచ్చారో ఆయనకే తెలియాలి. నేను బంతి విసిరాను. అది పట్టుకున్న పొట్టివాడి చొక్కానిండా మినప్పిండి. మన ఊరు ఓడిపోయింది.

ఆ సాయంత్రం మా ఇంటి హాల్లో పంచాయితీ. మామ్మ బాధ తోలుబంతి గురించి. "మడి వడియాల్లో తోలు పడితే కేకెయ్యక, ఒళ్ళోకి తీసుకుని ఊరేగుతావుటే!" అని తలబాదుకుంది. ఆ వడియాలన్నీ పాలమనిషి పట్టుకుపోయింది. (ఎంతో సంతోషంగా. "బంతి తగిలితే మాకేటమ్మా, ఏగితే అన్నీ ఒకటే," అందిట.) అన్నయ్య బాధ ఊరి పరువు గురించి. "రేపు నేను మొహం ఎలా ఎత్తుకు తిరగను? ఊరికి ద్రోహం చేసింది," అన్నాడు. అమ్మ బాధ పెళ్ళి కావలసిన పిల్ల డాబా మీదనుంచి అరవడం గురించి. నాన్నగారు తాలూకాఫీసులో పెద్ద గుమాస్తా. అక్కడ రోజంతా తగువులు విని వచ్చేవారు గనక ఇంట్లో తగువులకి పేపరు అడ్డం పెట్టుకునేవారు. ఆ రోజూ పెట్టుకున్నారు.

"ఇంతకీ నువ్వు వడియాలు కాస్తున్నావా, ఆట చూస్తున్నావా?" అంది మామ్మ.

"ఆటే చూస్తున్నాను మామ్మా. మొదట్నించీ అంతే. నాకు ఫుట్‌బాల్ ఇష్టం. ఎల్లుండి ఫైనల్ కూడా చూస్తాను," అన్నాను. ఆ ఊపులో, "అత్తయ్య తీసుకెళ్ళే సినిమాలు కూడా నాకు ఇష్టం లేదు. బూరెలంటే వెగటు," అని కూడా చెప్పేశాను. మామ్మకి ఆట మాట కన్నా బూరెల మాటే ఎక్కువ తగిలింది. చిన్నప్పట్నించీ నా ఆకులో తన వంతు బూరె కూడా వేసేది పాపం. లేచి వెళ్ళి డాబా తలుపుకి తాళం వేసి చెవి బొడ్లో దోపుకుంది. వడియాల కాపలా ఇకనుంచి అన్నయ్యదన్నారు. వాడి మొహం చూసి ఆ ఒక్క సంగతికి మాత్రం నాకు ఉపశమనం కలిగింది.

ఫైనల్ రోజు మధ్యాహ్నం నేను తల దువ్వుకుని, ఉతికిన వోణీ వేసుకుని వీధి తలుపు వైపు నడిచాను. అమ్మ వంటింట్లోంచి, "ఎక్కడికే?" అంది. "ఆటకి," అన్నాను. నాన్నగారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. ఆయన్ని దాటకుండా వీధిలోకి దారి లేదు. నా అడుగుల చప్పుడు వినగానే ఆయన పేపరు మొహానికి మరింత దగ్గరగా లాక్కున్నారు. అంటే నన్ను చూడలేదన్నమాట. చూడలేదు గనక ఆపవలసిన పనీ లేదు. నేను మెట్లు దిగేశాను.

దిగడం తేలికే. గ్రౌండులోకి వెళ్ళడమే కష్టం. అంతమంది మగవాళ్ళలో ఒక్కదాన్ని. "ఒరే, పాయకరావుపేట కోడలొచ్చిందిరోయ్!" అని ఎవడో కేకేశాడు. ఈలలు. "మా అత్తోరూరు గెలవాలని కొబ్బరికాయ కొట్టేవేటమ్మా?" (ఆ పేరు నాకు చాలాకాలం అంటిపెట్టుకుంది. నేను ఇప్పటిదాకా ఏ ఊరికీ కోడల్ని కాలేదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.) వెనక్కి తిరిగిపోదామనే అనుకున్నాను. తిరిగితే వాళ్ళు నవ్వుతారు. ముందుకెళ్ళినా నవ్వుతారు. ముందుకెళితే కనీసం ఆట కనబడుతుంది. గ్రౌండు అంచున బజ్జీల బండి కనిపిస్తే దాని దగ్గరికే తిన్నగా వెళ్ళి మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకున్నాను. చేతిలో వేడి పొట్లం ఉంటే మనిషికి ఎక్కడలేని నిబ్బరం వస్తుంది.

గుంపులోంచి చాలా ఎత్తున ఒక తల లేచింది. తాటిచెట్టు. ఇప్పుడు తిట్లు తప్పవనుకున్నాను. అతను ఒక పక్కకి జరిగి, గ్రౌండు గట్టు మెట్టుని తువ్వాలుతో దులిపాడు. "ఇలా కూకోండి. ఇక్కడ్నుంచయితే బాగా అవుపడతాది," అన్నాడు. ఈలలు వేస్తున్నవాళ్ళ వైపు తిరిగి ఒక చూపు చూశాడు. ఈలలు ఆగాయి. నేను మధ్యలో మనిషి పట్టేంత ఎడం ఉంచి కూర్చున్నాను. ఆట మొదలయ్యాక అతను గొంతు తగ్గించాడు.

"నాతవరం ఆట సంగతి కూడా సెప్పీసినారు కదండీ. ఇంకెక్కడన్నా సూసినారేటండి?"

"రావికమతం ఆటలో కూడా," అన్నాను బజ్జీ కొరుకుతూ.

అతను చుట్టూ చూశాడు. "అది మాత్రం సెప్పకండి. ఆళ్ళ గోలీ మా బావమరిది."

నాకు నవ్వొచ్చి పొలమారింది. పొట్లం అతనికేసి జరిపాను. ఇద్దరం కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఆట చూశాం.

నేను ఊరినంతటినీ కాదని పక్షం వహించిన పాయకరావుపేట జట్టు ఆ రోజు చిత్తుగా ఓడిపోయింది. అనకాపల్లివాళ్ళు గోలు మీద గోలు వేస్తుంటే, వేసిన ప్రతిసారీ గ్రౌండంతా నాకేసి తిరిగి చప్పట్లు కొట్టేది. నేను లేవలేదు. చివరి ఈల దాకా కూర్చున్నాను. చప్పట్లు కొట్టించుకోవడం కూడా మెల్లిగా అలవాటయిపోయింది. పైగా అనకాపల్లివాళ్ళు నిజంగా బాగా ఆడారు. చివరి గోలుకి నేనూ కొట్టాను.

ఇంటికొచ్చేసరికి నాన్నగారు అదే పడక్కుర్చీలో, అదే పేపరుతో ఉన్నారు. పొద్దు వాలిపోయి, అక్షరాలు కనిపించే వెలుతురు లేదు. తల వంచుకుని దాటిపోబోయాను.

"ఎవరు గెలిచారు?" అన్నారు పేపరు వెనకనుంచి.

"అనకాపల్లివాళ్ళు, నాన్నగారూ."

"బాగా ఆడారా?"

"చాలా బాగా ఆడారు."

పేపరు కాస్త దిగింది. "రేపు ఎవరితో ఎవరికి?"

"లేదు నాన్నగారూ. పోటీలు అయిపోయాయి."

"అయ్యో," అన్నారు ఆయన.

ఆ "అయ్యో" నా గురించో, ఆట గురించో, తన గురించో ఇప్పటికీ నాకు తెలియదు. తెలుసుకోవాలంటే అప్పుడు అక్కడే నిలబడి అడగవలసింది. ఊరంతా వింటుండగా బంతి ఇవ్వనని అరిచిన పిల్ల, నాన్నగారిని ఆ ఒక్క మాట అడగడానికి సిగ్గుపడి, వోణీ కొంగు వేలికి చుట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.